గుడ్డ కింది చేతులు

పోయిన వారం మనం ఉష్షమ్మని ఆవిడ కంప్యూటర్ ముందు, నోరు తడారిపోయి కూర్చున్నచోట వదిలేసి ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం ఒక్క మాట. ఉష్షమ్మ అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పుట్టి ఇంకా బొడ్డు కూడా సరిగ్గా ఆరని పసికందుల్ని, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి ఫొటోలు తియ్యడం ఆవిడ వృత్తి. పిల్ల కెవ్వుమనగానే పెదాలు ముందుకు పెట్టి ‘ఉష్‌ష్‌ష్’ అని ఒక శబ్దం చేస్తుంది. ఎంత మొండిఘటమైనా ఏడుపు మానేసి వింటుంది. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే మగవాళ్ళు ఆవిడ వెనకాల ఈ పేరు తగిలించి నవ్వుకున్నారు. ఆ పేరు నెమ్మదిగా ముందుకొచ్చి స్థిరపడిపోయింది. ఇప్పుడు ఆవిడ ఫోన్ ఎత్తి ‘ఉష్షమ్మని మాట్లాడుతున్నా’ అని తనే చెప్పుకుంటుంది.

కంప్యూటర్ తెర మీద ఆవిడ చూసింది ఇదీ. మొన్న ఒక మేడ ఇంట్లో తీసిన ఫొటో. బుట్టలో పడుకున్న ఆడపిల్ల. వెనక కిటికీ అద్దంలో ఒక ఆడమనిషి మొహం, జుట్టు విరబోసుకుని, కళ్ళు పాప మీదే నిలిపి. ఆ పూట ఆ గదిలో పాప కాకుండా ఉన్నది ముగ్గురు. కెమెరా వెనక ఉష్షమ్మ, మంచం మీద పాప తల్లి, గుమ్మం దగ్గర అమ్మమ్మ. అద్దంలో మొహం ఈ ముగ్గురిలో ఎవరిదీ కాదు. ఉష్షమ్మ బొమ్మని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది కానీ ఆ చూపు మాత్రం విడిపోలేదు.

దయ్యాల మీద ఉష్షమ్మకి నమ్మకం లేదు. అలాగని వాటితో పేచీ పెట్టుకునే ఉద్దేశమూ లేదు. ఆ మొహాన్ని మర్చిపోదామని గిన్నెలు తోముకుంది, బట్టలు మడతపెట్టుకుంది, మాట్లాడి ఏడాదైన మేనత్తకి ఫోన్ చేసి ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి సాంతం విన్నది. లాభం లేకపోయింది. ఆఖరికి ఆ ఇంటికే ఫోన్ చేసింది. కొన్ని ఫొటోల్లో వెలుతురు సరిగ్గా కుదరలేదు, డబ్బు అక్కర్లేదు, ఇంకోసారి వచ్చి తీస్తాను అని ఒక చిన్న అబద్ధం ఆడింది. మాటల మధ్యలో, ఏమీ ఎరగనట్టు, మీ ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా అని అడిగింది. అమ్మమ్మ ముందు వేరే మాటేదో ఎత్తింది. తర్వాత, మేమే కదమ్మా, ఇంకెవరుంటారు, అంది. రావద్దనబోతుండగా ఆవిడ చేతిలోంచి ఫోన్ ఎవరో లాక్కున్నారు. పాప తల్లి, ఆ ఇంటి ఇల్లాలు.

“రండి మేడమ్, తప్పకుండా రండి. నా ఒళ్ళో పాప ఏడవకుండా ఉన్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి కావాలి నాకు,” అందామె. ఆ గొంతు విన్నాక రానని చెప్పడం ఉష్షమ్మ వల్ల కాలేదు.

అలా మన ఉష్షమ్మ, రావాలని ఎంత ఉందో వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనీ అంతే ఉండగా, ఉదయం ఎండ కిటికీల మీదికి ఎక్కే వేళకి ఆ ఇంటి ముందు బండి ఆపింది.

లోపలికి అడుగు పెట్టగానే చెప్పులు విడిచే చోట ఒక చిన్న సూట్‌కేసు కనిపించింది. జిప్పు పాడైందేమో, చుట్టూ తాడు కట్టి ఉంది. అల్లుడుగారు ఎక్కడికైనా ప్రయాణమా అని అడిగితే అమ్మమ్మ ‘ఆఁ’ అని ఊరుకుంది. ఆవిడ ఎప్పటిలాగే కాఫీ ఇచ్చింది, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని జాగ్రత్తమ్మా అంది. చీర చెంగు నడుముకి దోపుకుని పొద్దున్నించి రాత్రి దాకా ఇంటినంతా ఒంటి చేత్తో లాక్కొచ్చే మనిషి. కూతురికి పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఈ బంగారం దొరికిందని చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు నిజంగానే చెమ్మగిల్లుతాయి. ఇలాంటి మనిషి ఇంట్లో దయ్యం ఎందుకుంటుంది అని ఉష్షమ్మ తనకు తను చెప్పుకుంది.

మేడ మీద గది. పెద్ద కిటికీ, మంచం, ఉయ్యాల, ఒక చేతుల్లేని కుర్చీ. ఒక పక్క గోడకి స్నానాల గది తలుపు. ఉష్షమ్మ బుట్టని మొన్న పెట్టినచోటే పెట్టింది. కెమెరా పట్టుకుని మొన్న నిలబడినచోటే నిలబడి కిటికీ అద్దంలోకి చూసింది. అద్దంలో కనిపించింది స్నానాల గది తలుపు. ఓరగా తీసి ఉంది.

చేతులు కడుక్కొస్తానని లోపలికి వెళ్ళింది. పసిపిల్లల్ని తాకేముందు ఉంగరాలు తీసేసి, మోచేతుల దాకా వేడినీళ్ళతో కడుక్కోవడం ఆవిడ అలవాటు. లోపల అవతలి గోడకి ఇంకో తలుపు ఉంది, పక్క గదిలోకి. మూసి ఉంది. నేల తడిగా ఉంది. చేతులు కడుక్కునే తొట్టి అంచు మీద ఒక వెంట్రుక అతుక్కుని ఉంది. నల్లగా, మోచేయంత పొడవు. ఈ ఇంటి ఇల్లాలి జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంటుంది. అమ్మమ్మది తెల్ల ముడి. ఉష్షమ్మ ఆ వెంట్రుకని వేడినీళ్ళతో కిందికి తోసేసింది. ఆ మూసిన తలుపు అవతల ఎవరో ఊపిరి బిగబట్టుకుని నిలబడినట్టు అనిపించింది. అనిపించడమే అని సర్దిచెప్పుకుని బయటికి వచ్చేసింది.

పని మొదలైంది. ఇందులో అవస్థ చూడనివాళ్ళకి తెలియదు. పసిపిల్లకి ఫ్లాష్ కొట్టకూడదు, కిటికీ వెలుగు తప్ప గతి లేదు. గది ఎంత వెచ్చగా ఉండాలంటే తీసేవాళ్ళకి చెమటలు కారాలి, అప్పుడుగానీ బట్టల్లేని పిల్లకి సరిపోదు. పాపకి పాలు పట్టి, తేన్పించి, మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకొచ్చింది ఇల్లాలు. సీసా పాలే. నాకు పాలు పడలేదండీ అని మొన్నే సిగ్గుపడుతూ చెప్పుకుంది. కింద నుంచి బకెట్టు నీళ్ళు తనే మోసుకొచ్చింది. నేల మీద చటుక్కున కూర్చుంది, చటుక్కున లేచింది. కాన్పైన ఆడవాళ్ళని ఉష్షమ్మ ఎందరినో చూసింది. వాళ్ళు కూర్చోవడమే ఒక ప్రయాణంలా కూర్చుంటారు. ఈవిడది గట్టి శరీరం అనుకుని ఊరుకుంది.

పాపని ఆమె ఒళ్ళో పెట్టారు. పాప మొదలెట్టింది. మొహం ఎర్రగా చేసుకుని, ఒళ్ళు కట్టెలా బిగించి, గుక్క తిప్పుకోకుండా. ఉష్షమ్మ ‘ఉష్‌ష్’ అంది. మామూలుగా పనిచేసే మంత్రం ఈ ఇంట్లో పనిచెయ్యడం లేదు.

అప్పుడు ఉష్షమ్మ తన సంచిలోంచి బూడిదరంగు పల్చటి నూలు గుడ్డ తీసింది. తను పని నేర్చుకున్న పాత స్టూడియో యజమాని చెప్పిన కిటుకు ఇది. పిల్లని ఎత్తుకున్న మనిషిని తల నుంచి పాదాల దాకా గుడ్డతో కప్పేసి, ఆ గుడ్డ మీద, ఒళ్ళో, పిల్లని పడుకోబెట్టాలి. గుడ్డ కింద నుంచే చేతులు పిల్లని పట్టుకుంటాయి. ఫొటోలో మనిషి కనిపించదు. పిల్ల ఒక్కతే మెత్తటి ఆసనం మీద ఒరిగినట్టు ఉంటుంది. ముందు పాపని ఇలా నిద్రపుచ్చి, తర్వాత మెల్లగా గుడ్డ తొలగించి, తల్లి మొహంతో ఇంకోటి తీద్దాం అంది. ఇల్లాలు బుద్ధిగా కుర్చీలో కూర్చుంది. గుడ్డ కప్పారు. పాపని పెట్టారు. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. కాసేపటికి గుడ్డ కూడా కదలడం మొదలెట్టింది. కింద ఆమె ఏడుస్తోంది.

“నా చేతుల్లో ఏముందండీ? ముళ్ళున్నాయా?” అందామె గుడ్డ లోంచి.

 అమ్మమ్మ వచ్చి పాపని తీసుకుంది, కూతురి తల నిమిరింది, నువ్వెళ్ళి మొహం కడుక్కుని ఇంకాసిని పాలు వెచ్చబెట్టుకురా అని కిందికి పంపింది. తలుపులు తీస్తూ వేస్తూ ఉంటే గది చల్లబడిపోయింది. బండిలో ఇంకో హీటరు ఉంది, తెస్తానని ఉష్షమ్మ కూడా కిందికి దిగింది.

హీటరు పట్టుకుని తిరిగి వస్తుంటే మెట్ల మలుపులో అమ్మమ్మ ఎదురైంది. గేటు దగ్గర ప్రయాణానికి వచ్చిన బండి డ్రైవరు పిలుస్తున్నాడు, ఒక్క మాట చెప్పి వస్తాను, పాప ఉయ్యాల్లో ఉంది, నువ్వు పదమ్మా అంది. పైన పాప ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఉష్షమ్మ అడుగులు వేగం చేసింది.

ఏడుపు ఆగిపోయింది.

ఇది ఆవిడ వృత్తి కాబట్టి ఆవిడకి తెలుసు. పసిపిల్లల ఏడుపు అలా ఆగదు. వెక్కిళ్ళుంటాయి, మూలుగులుంటాయి, మళ్ళీ మొదలెట్టనా అన్నట్టు ఒక సాగతీత ఉంటుంది. ఇది కొళాయి కట్టేసినట్టు ఆగింది. ఉష్షమ్మ చివరి మెట్లు ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు.

గదిలో ఉయ్యాల ఖాళీ. కుర్చీలో గుడ్డ కప్పుకున్న మనిషి. ఒళ్ళో, గుడ్డ మీద, పాప. కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు వదులు చేసి, ఇన్నాళ్ళకి ఈ లోకం ఫరవాలేదు అనుకున్నట్టు పడుకుని ఉంది. ఉష్షమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఇల్లాలు వెనక మెట్ల మీంచి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది, ఎంత మొండి పట్టుదల పాపం అనుకుంది. హీటరు పెట్టి, కెమెరా పట్టీ మెడలో వేసుకుని, ఎప్పుడొచ్చారండీ అని అడిగింది. గుడ్డ జవాబు చెప్పలేదు. పాప లేస్తుందని భయం కాబోలు అని ఉష్షమ్మ కూడా గొంతు తగ్గించింది.

ఒకటి తీసింది. పక్కకి జరిగి ఇంకోటి తీసింది. కింద చేతులు ఎంత బాగా కుదిరాయో. ఇందాక బల్లచెక్కల్లా బిగుసుకున్న చేతులేనా ఇవి? ఒకటి తల కింద, ఒకటి నడుము కింద, గుడ్డ మడతల్లోంచి వేళ్ళ ఆకారం తెలుస్తోంది. పాప నిద్రలోనే చెంప అటు తిప్పి, గుడ్డకి మొహం ఆనించి, నోరు తెరిచి దేనికోసమో వెతుకుతోంది. ఉష్షమ్మకి నిజంగా సంతోషం కలిగింది. ఆ సంతోషంలో నోరు జారింది.

“చూశారా, మీ చేతుల్లో ఏముందని అడిగారు కదా. ఇదే ఉంది. కన్నతల్లి చేతులు పాపకి తెలియవూ?”

గుడ్డ కింద మనిషి ఒక్కసారి ఉలిక్కిపడింది. పాపని పట్టుకున్న వేళ్ళు మాత్రం కదల్లేదు.

“హీటరు దొరికిందా మేడమ్?” అని గుమ్మంలోంచి వినిపించింది.

ఉష్షమ్మ తల తిప్పింది. గుమ్మంలో ఇల్లాలు నిలబడి ఉంది. మొహం కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. చేతిలో పాలసీసా.

ఉష్షమ్మ చేతిలోంచి కెమెరా జారింది. కెమెరా పట్టీ మెడలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అది పాప మీద పడేది. కుర్చీ వంక చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే అంతకంటే భయం. ఆ మొహం, అద్దంలో చూసిన మొహం, ఇప్పుడు ఆ గుడ్డ వెనకే ఉందని ఆవిడకి తెలిసిపోయింది. చేయి చాస్తే అందేంత దూరం. అది పట్టుకున్నది బొడ్డు ఆరని పసిగుడ్డుని.

అప్పుడు కనిపించింది మచ్చ. గుడ్డ మీద, పాప తలకి పైన, ఛాతీ దగ్గర. ముందు రూపాయంత, తర్వాత అరచేతంత. బూడిదరంగు నూలు గుడ్డ కదా, చుక్క నీళ్ళు పడినా నల్లగా పట్టిస్తుంది. పాప ఒంటికి పోసుకుందనుకుందామంటే, ఆ తడి అంత పైన ఉండదు. చూస్తుండగానే రెండో పక్కన కూడా అలాంటి మచ్చే పుట్టి పెద్దదవడం మొదలెట్టింది. పసిపిల్లల ఇళ్ళల్లో తిరిగే మనిషికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. బిడ్డ ఏడుపు వింటే తల్లికి పాలు పొంగుతాయి. వద్దనుకున్నా పొంగుతాయి.

దయ్యాలకి పాలు పడవు. ఉష్షమ్మకి భయం పోయింది. పోయిన భయం స్థానంలో వచ్చింది అంతకంటే బరువైనది.

ఇల్లాలు కూడా ఆ మచ్చల్నే చూస్తోంది. మొహంలో రక్తం లేదు.

“చిట్టీ,” అంది.

గుడ్డ కదల్లేదు. ఇల్లాలు నాలుగడుగులు వేసి, పాప లేవకుండా, పైనుంచి గుడ్డ తొలగించింది. అద్దంలోని మొహం బయటపడింది. ఇరవై నిండాయో లేదో. జుట్టు విరబోసి ఉంది, దువ్వే ఓపిక లేక. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇద్దరి ముక్కూ ఒకటే, గడ్డం ఒకటే. అక్కాచెల్లెళ్ళని చెప్పడానికి ఇంకేమీ అక్కర్లేదు.

“అమ్మకి చెప్పకక్కా,” అంది ఆ పిల్ల గబగబా. “ఒక్కతే ఏడుస్తోందని వచ్చా. అడుగుల చప్పుడు వినిపిస్తే ఇది తల మీదికి కూడా లాక్కున్నా. నేను ముట్టుకోలేదు. గుడ్డ అడ్డం పెట్టుకునే పట్టుకున్నా. నా చెయ్యి తగల్లేదు, ఒట్టు.”

“తగలకూడదని ఎవరన్నారే?”

“నువ్వే కదా.”

ఇక్కడ కథకి ఒక్క క్షణం అడ్డం వస్తాను. ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. చెల్లెలికి పెళ్ళి కాలేదు. ప్రేమించినవాడు కడుపని తెలియగానే మొహం చాటేశాడు. అక్కకి పిల్లల్లేరు. తల్లి రెండూ కలిపి లెక్క తేల్చింది. చిన్నదాన్ని తన దగ్గరే దాచి, ఎక్కడో కాన్పు చేయించి, పసిగుడ్డునీ బాలింతనీ ఒకే బండిలో ఇక్కడికి తెచ్చింది. పాపని పెద్దదాని ఒళ్ళో పెట్టింది. చిన్నదాన్ని ప్రయాణానికి ఓపిక వచ్చేదాకా పక్క గదిలో ఉంచింది. ఇవాళ బండి మాట్లాడింది. ఇంతవరకూ అక్కకీ చెల్లెలికీ ఇద్దరికీ తెలుసు. తెలియనిది ఇప్పుడు బయటపడింది.

చెల్లెలు చెప్పింది. ఇవి అక్క పెట్టిన షరతులని అమ్మ చెప్పిందట. నీ చెయ్యి తగిలితే పాప అక్కకి మాలిమి అవ్వదు, నీ మొహం కనిపిస్తే అక్క ఈ పాపని తీసుకోదు, గదిలోంచి బయటికి రావద్దు, వెళ్ళాక మళ్ళీ ఈ గడప తొక్కొద్దు. అందుకే ఫోన్ కూడా అమ్మకే ఇచ్చేసిందట. రోజంతా గోడకి చెవి పెట్టుకుని కూర్చునేదట. మొన్న ఫొటోలు తీస్తున్నారని తెలిసి, ఆగలేక తలుపు సందులోంచి చూసిందట.

వింటూ వింటూ అక్క నేల మీద కూలబడింది. ఈసారి చటుక్కున కాదు.

“నాతో అమ్మ చెప్పింది ఇది కాదే. నువ్వు పాప మొహం కూడా చూడనన్నావని చెప్పింది. అక్కయినా సరే, ఆశ్రమమైనా సరే, నా కళ్ళ ముందు నుంచి తీసెయ్యండి అన్నావని. ఆ కోపంతోనే నేను నీ తలుపు తట్టలేదు. లేకపోతే తట్టేదాన్ని కాదూ?”

ఆ ఇద్దరి మధ్య ఇన్నాళ్ళూ ఉన్నది ఒక స్నానాల గది. ఇటు ఒకామె కొళాయి విప్పి ఏడ్చేది, ఆ చప్పుడు ఆగాక అటు ఒకామె వచ్చి ఏడ్చేది. ఒకే సబ్బుతో మొహాలు కడుక్కున్నారు. ఉష్షమ్మ, బతికున్న పిల్లని పట్టుకుని ఈ ఇంట్లో దయ్యాన్ని చేశారు అనుకుంది. తన నోటి నుంచి ఇందాక వచ్చిన మాట, కన్నతల్లి చేతులు అన్న మాట, మళ్ళీ మళ్ళీ చెవిలో వినిపించి వదల్లేదు. తెలియక అన్న ఆ మాట అన్నీ తెలిసి అన్నట్టే తగిలింది.

తల్లి రాక్షసేమీ కాదు. ఇద్దరు కూతుళ్ళ ఏడుపునూ ఒక్క దెబ్బతో ఆపాలనుకుంది. ఇద్దరూ ఎదురుపడితే ఒకరి మొహం చూసి ఒకరు కరిగిపోతారని ఆవిడకి భయం. అందుకని ఒకరి మీద ఒకరికి కోపం నూరిపోసింది. అంత ప్రేమగా నూరిపోసింది కాబట్టే ఇద్దరూ నమ్మారు.

“ఎందుకొచ్చావే ఇవాళ? బయల్దేరే ముందు?” అని అక్క మెల్లగా అడిగింది.

“ఏడుపు ఒక్కటే కాదు, ఒక్క ఫొటో తీయించుకుందామని కూడా. నా మొహంతో. ఈవిడ ఒంటరిగా దొరికితే కాళ్ళు పట్టుకుందామనుకున్నా. ఎవరికీ చూపించను, పర్సులో కూడా పెట్టుకోను, ఎక్కడైనా లోపల దాచుకుంటా.”

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. అమ్మమ్మ ఆయాసపడుతూ ఎక్కుతోంది. అక్క లేచింది. వెళ్ళి తలుపు వేసి గడియ పెట్టింది.

“తియ్యండి మేడమ్,” అంది. “దానికి ఎలా కావాలంటే అలా తియ్యండి.”

ఉష్షమ్మ బూడిదరంగు గుడ్డని ఆ పిల్ల ఒళ్ళోంచి పూర్తిగా లాగేసింది. పాపని ఇప్పుడు చేతులతో పట్టుకోమ్మా అంది. ఆ పిల్ల అక్క వంక చూసింది. అక్క తల ఊపింది. చెల్లెలు అరచెయ్యి పాప తల మీద పెట్టింది, అంత మెత్తగా ఉంటుందని అనుకోలేదేమో, చప్పున వెనక్కి తీసి మళ్ళీ పెట్టింది. పాప తడిసిన జాకెట్టుకి మొహం రాసుకుని ఒక నిట్టూర్పు విడిచింది. ఉష్షమ్మకి కళ్ళు మసకబారి ఏమీ కనిపించలేదు. భుజానికి తుడుచుకుని మళ్ళీ కెమెరాకి కన్ను ఆనించింది.

తలుపు మీద చప్పుడైంది. ఏమిటా గడియ, బండి వచ్చేసింది, ఫొటోలు చాలు అని అమ్మమ్మ గొంతు. ఎవరూ పలకలేదు. ఆవిడ తెలివైన మనిషి. ఆ నిశ్శబ్దంలోంచే సంగతి గ్రహించింది. రెండోసారి మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది.

“అది అక్కడే ఉందా?” అంది. “ఇద్దరూ ఒక్కచోట చేరితే ఇలా అవుతుందనే నేను భయపడ్డాను. పెద్దదానా, నా మాట విను. ఇవాళ పంపించకపోతే ఇక ఎప్పటికీ పంపించలేవు. పాప నీకు దక్కదు. తలుపు తియ్యి.”

అక్క తలుపు పక్కనే నిలబడింది. ఒక చేతిలో సీసా ఇంకా అలాగే ఉంది. పన్నెండేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆమె. ఆ మాట ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మొహం మీద కనిపించింది.

“ఇటు చూడమ్మా,” అంది ఉష్షమ్మ చెల్లెలితో. ఆ పిల్ల తల ఎత్తింది. కిటికీ వెలుగు సరిగ్గా మొహం సగానికి పడింది. ఇంతకంటే మంచి ఫొటో తన జన్మలో దొరకదని ఉష్షమ్మకి తెలుసు. వేలు మీట మీదికి వెళ్ళింది.

ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దండీ,” అంది. తర్వాత అక్క వైపు తిరిగింది. గొంతులో వణుకు లేదు. “ఫొటో వద్దక్కా. ఫొటో ఉంటే నేను అది పట్టుకుని వెళ్ళిపోతాను. నాకు పాప కావాలి.”

 అక్క చెల్లెల్ని చూసింది. చెల్లెలి ఒళ్ళో నోరు తెరిచి నిద్రపోతున్న పాపని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత సీసాని మంచం మీద పెట్టి, వాళ్ళకి వీపు తిప్పి, తలుపు గడియ తీసింది.

తల్లి లోపలికి రావడానికి తీసిందో, చెల్లెలు పాపతో వెళ్ళడానికి తీసిందో ఆ వీపు చూసి ఉష్షమ్మకి తెలియలేదు.